పుట్టినింట పూలచెట్టు, మెట్టినింట కలుపుమొక్క

కడప జిల్లా రైతుకు సర్కారు తుమ్మను గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. చెరువు కడుపులో అదే, కాలువ గట్టున అదే, నాలుగేళ్ళు సాగు మానిన చేనులో అదే. ఈ చెట్టును మన దేశంలో మొట్టమొదట నాటింది ఈ జిల్లాలోని కమలాపురంలోనేనని అటవీ శాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి. 1877లో జమైకా దీవి నుంచి విత్తనాలు తెప్పించారు. వంటచెరకు కొరత తీరాలని, బంజరు భూములు పచ్చబడాలని నాటి మద్రాసు రాజధాని అటవీ అధికారుల ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. తర్వాతి కథ మనవాళ్ళ కాళ్ళలో దిగిన ముళ్ళనడిగితే తెలుస్తుంది.

ఇలాంటి పనే అంతకు ముప్పయి ఏళ్ళకు పైగా ముందే ఆఫ్రికా ఖండం దక్షిణపు కొసన, సముద్రం ఒడ్డున జరిగింది. అక్కడి సర్కారు తెచ్చి నాటింది కూడా తుమ్మ జాతి మొక్కే. అయితే దానికి ముల్లు లేదు. చూడ ముచ్చటగా, కొమ్మ కనపడకుండా పసుపు పచ్చని పూలు పూస్తుంది. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా నైరుతి మూల. ఆ మూల నేలవాసులైన నూంగార్ జనం దాన్ని 'కూజాంగ్' అని పిలుస్తారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అకేసియా సాలిగ్నా.

కన్నతల్లి లాంటి ఇసుకనేల

ఆస్ట్రేలియా మన దేశానికి రెండింతలకు పైగా పెద్దది. అంత దేశంలోనూ కూజాంగ్ సహజంగా పెరిగేది పెర్త్ నగరం ఉన్న నైరుతి భాగంలోనే. సముద్రం వెంట ఇసుక మేటలు, వాగుల ఒడ్లు, నల్లరాతి గుండ్ల మొదళ్ళు దాని నివాసాలు. వానలు అక్కడ చలికాలంలో పడతాయి. ఎండాకాలం చుక్క రాలదు. అటువంటి చోట పొదగానో, రెండు నిలువుల చిన్న చెట్టుగానో ఎదుగుతుంది. తొందరగా పెరుగుతుంది, తొందరగానే ముసలిదవుతుంది. పదేళ్ళు, మహా అయితే ఇరవై ఏళ్ళు దాని ఆయుష్షు.

మనకు వసంతం మొదలు శిశిరం దాకా ఆరు ఋతువులున్నట్టే నూంగార్ జనానికీ ఆరు ఋతువులు ఉండటం విశేషం. బిరక్, బునురు, జెరన్, మకురు, జిల్బ, కంబరంగ్ అని వాటి పేర్లు. ఆగస్టు, సెప్టెంబరు నెలల జిల్బ ఋతువులో అక్కడి తుమ్మలు పూతకు వస్తాయి. మన నల్లతుమ్మ పువ్వు లాంటివే, గుండ్రటి పసుపు బంతులు. ఒక్కో బంతిలో పాతికకు మించి చిన్నచిన్న పూలు ఇమిడి ఉంటాయి. ఎండాకాలానికి కాయలు ముదిరి పగిలి, నిగనిగలాడే నల్లటి గింజలు రాలతాయి.

నూంగార్ జనం ఈ గింజలను దంచి పిండి చేసి రొట్టె కాల్చుకునేవారు. చెట్టు బంకను తినేవారు. బెరడులో తోళ్ళు పదును చేసే గుణముంది. అంటే వారికి ఈ పొద ఒకటే అటు గాదె, ఇటు అంగడి. ఆ మూలలో గోధుమ సాగుకోసం అడవులు కొట్టివేసిన చోట్ల ఊటనీరు పైకి ఉబికి పొలాలు ఉప్పుబారాయి. లోతుకు వేళ్ళు పోయే కూజాంగ్‌ను నాటి ఆ ఊటను కిందికి దించవచ్చునా అని అక్కడి వ్యవసాయ శాస్త్రజ్ఞులు పరిశీలించారు కూడా. పుట్టినింట దాని మర్యాద అలాంటిది.

ఆకు కాదు, కాడ

ఈ చెట్టు ఆకును మన రైతు చూస్తే తుమ్మ అని ఒప్పుకోడు. జానెడు పొడవున, సన్నగా, కొంచెం నీలివన్నె కలిసిన పచ్చదనంతో కిందికి వేలాడుతుంది. నిజానికి అది ఆకు కాదు. మొలకెత్తిన కొత్తలో కూజాంగ్‌కు కూడా మన తుమ్మకున్నట్టే ఈనెకు రెండు వైపులా సన్న సన్న ఆకులు ఉంటాయి. మొక్క ఎదిగేకొద్దీ ఆ ఆకులు మాయమై, వాటిని మోసే కాడే బల్లపరుపుగా సాగి ఆకు పని చేస్తుంది. కాడ మందంగా, తోలులా ఉండటం చేత నీరు త్వరగా ఆవిరి కాదు. ఎండకు తట్టుకునే ఉపాయమన్నమాట. మన రాష్ట్రంలో 'ఆస్ట్రేలియా తుమ్మ' పేరుతో రోడ్ల పక్కన పెంచుతున్న చెట్టు దీనికి దాయాది. దాని ఆకూ ఇంతే.

ఈ జాతి మొక్కలను ఇంగ్లీషువారు 'వాటిల్' అంటారు. ఆ మాటకు అర్థం తడిక. ఆస్ట్రేలియాకు వచ్చి పడిన తొలి ఇంగ్లీషువారు సన్నటి కొమ్మలను తడికగా అల్లి, మట్టి మెత్తి గోడలు పెట్టుకున్నారు. తడికకు పనికివచ్చిన చెట్టు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఈ కుటుంబంలోనే 'బంగారు వాటిల్' అనే మరొక పూలపొదను 1988 సెప్టెంబరు 1న ఆస్ట్రేలియా తన జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది.

పేరు సంగతి వచ్చింది కాబట్టి మరొక ముచ్చట. అకేసియా అన్న శాస్త్రనామం అసలు మన నల్లతుమ్మది. గ్రీకులు ఈజిప్టులోని నల్లతుమ్మకు పెట్టిన పేరది. ఇటీవలి పరిశోధనలో మన తుమ్మలు వేరు, ఆస్ట్రేలియా తుమ్మలు వేరు అని తేలింది. పేరు ఒక్కరికే చెందాలి. ఆస్ట్రేలియాలో ఈ జాతులు దాదాపు వెయ్యి ఉన్నాయి. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ పేరును వారికే ఇచ్చింది. 2011లో మెల్‌బోర్న్ సభ దాన్నే ఖాయం చేసింది. దాంతో మన నల్లతుమ్మ శాస్త్ర గ్రంథాల్లో వాచెల్లియా అయింది. ఆఫ్రికావారు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఓట్లలో నెగ్గలేదు. పేరుతో పాటు చెట్టుమీద కూడా ఆఫ్రికావారికి కోపం ఎందుకుందో తెలియాలంటే కేప్ టౌన్ వెళ్ళాలి.

దారిని మింగిన ఇసుక

ఆఫ్రికా దక్షిణాన కేప్ టౌన్ రేవు పట్టణానికీ, లోపలి ఊళ్ళకూ మధ్య ఇసుక మైదానం ఒకటి అడ్డంగా ఉంది. కేప్ ఫ్లాట్స్ అంటారు. అక్కడ ఉన్న పొదలన్నీ పొయ్యిలోకి పోయేసరికి గాలికి ఇసుక లేచి దిబ్బలు దిబ్బలుగా కదలటం మొదలుపెట్టింది. ఎద్దులబండ్లు ఇరుసుల దాకా కూరుకుపోయేవి. 1843లో కేప్ వలస రాజ్య కార్యదర్శిగా జాన్ మాంటేగు అనే తెల్లదొర వచ్చాడు. ఖైదీల చేత రోడ్లు వేయించిన అధికారిగా ఆయనకు పేరుంది. అంతకుముందు ఆయన కొలువు ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా దీవిలో. కేప్ ఫ్లాట్స్ మీదుగా ఆయన గట్టి రోడ్డు వేయించాడు. వేసిన రోడ్డును ఇసుక పూడ్చివేయకుండా ఇరువైపులా ఆస్ట్రేలియా తుమ్మలు నాటించాడు. అప్పటికే, 1830లలోనే, కూజాంగ్ ఆ దేశం చేరి ఉంది.

మొక్క చెప్పినట్టు విన్నది. ఇసుకలో నిలిచింది, గాలిని ఆపింది, దిబ్బలను కట్టివేసింది. సర్కారు సంతోషించి ఊరూరా విత్తనాలు పంచింది. అక్కడివాళ్ళు దాన్ని 'పోర్ట్ జాక్సన్' అని పిలవసాగారు. పోర్ట్ జాక్సన్ అంటే సిడ్నీ రేవు. చెట్టు పుట్టింది ఆస్ట్రేలియా పడమటి ఒడ్డున అయితే ఆ రేవు ఉన్నది తూర్పు ఒడ్డున. రెండింటికీ నడుమ రెండు వేల మైళ్ళు. ఊరు తెలియకుండానే పేరు పెట్టేశారు. దాని గుణం కూడా అంతే తెలియకుండా తెచ్చుకున్నారు.

చీమలు దాచిన విత్తనం

కూజాంగ్ గింజకు చిన్న కండ అంటుకుని ఉంటుంది. చీమకు ఆ కండ ఇష్టం. గింజను పుట్టలోకి లాక్కుపోయి, కండ తిని, గింజను అక్కడే వదిలేస్తుంది. పెంకు గట్టిది కాబట్టి మట్టిలో ఏళ్ళ తరబడి చెడదు. నిప్పు తగిలితే పెంకు పగిలి మొలకెత్తుతుంది. పుట్టినింట కాయలో గింజను తొలిచే ముక్కుపురుగులున్నాయి, కొమ్మను పీల్చే తెగుళ్ళున్నాయి. కాసిన గింజల్లో సగం వాటికే సరి. కేప్‌కు గింజ వచ్చింది గానీ దాని శత్రువులు రాలేదు. ఏటేటా కాసిందంతా నేలలోనే చేరింది. దట్టంగా పెరిగిన చోట చదరపు మీటరుకు వేల గింజలు లెక్కకు వచ్చాయి. వడ్డీ మీద వడ్డీ కట్టిన అప్పులా నేల అడుగున గింజల రాశి పెరిగింది.

కేప్ ప్రాంతంలో 'ఫైన్‌బోస్' అనే పొదల అడవి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కాస్త ఎక్కువ విస్తీర్ణంలో దాదాపు 9,000 రకాల మొక్కలు. వాటిలో మూడింట రెండు వంతులు ప్రపంచంలో మరెక్కడా లేవు. ఆ అడవికి పది, పదిహేనేళ్ళకొకసారి నిప్పు అంటుకోవటం, మళ్ళీ చిగురించటం సహజం. కూజాంగ్ వచ్చాక నిప్పు ఆరిన నేల మీద ముందుగా లేచింది అదే. నారుమడిలా మొలిచి మిగతావాటికి ఎండ తగలనివ్వలేదు. మరొక చిక్కు చూడండి. శనగ, వేరుశనగ లాగానే దీని వేళ్ళలో కూడా బుడిపెలుండి గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. మనకైతే అది వరం. ఫైన్‌బోస్ మొక్కలకు మాత్రం బలహీనమైన ఇసుకే అచ్చివచ్చింది. నేలకు బలం పట్టేసరికి అవి వెనుకబడి, గడ్డీ గాదమూ పైకి వచ్చాయి. చెట్టు కొట్టేసినా నేల పూర్వపు నేల కాలేదు.

కొట్టటమూ తేలిక కాదు. మొదలు నరికితే పిలకలు వేస్తుంది. కాల్చితే గింజలు మొలుస్తాయి. నరికిన మొద్దుకు వెంటనే మందు పూయాలి, మొలిచిన మొక్కలను ఏటా పీకాలి. ఒక ఏడు ఏమరితే మొదటికి వస్తుంది. సర్కారు తుమ్మతో ఒక్కసారైనా పోరాడిన రైతుకు ఇందులో కొత్త ఏమీ కనిపించదు.

తెగులే మందు

వేరుశనగకు తుప్పు తెగులు వస్తే మన రైతు గుండె గుభేలుమంటుంది. దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు మాత్రం ఒక తుప్పు తెగులును కోరి తెచ్చుకున్నారు. కూజాంగ్ పుట్టింటికి వెళ్ళి వెతికితే, కొమ్మల మీద గోధుమరంగు గడ్డలు లేపే బూజు ఒకటి కనిపించింది. మోరిస్ అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు ఈ పనికి పూనుకున్నాడు. తెగులును తెరిచి వదలటమంటే మాటలు కాదు. ఆఫ్రికా సొంత తుమ్మలకు అంటుకుంటే కొత్త ఉపద్రవం. అందుచేత ముందు మూసిన గదుల్లో అక్కడి తుమ్మల మీద ప్రయోగించి, వాటికి సోకదని రూఢి చేసుకున్నాకే 1987లో బయటికి వదిలారు.

బూజు పొడి గాలిలో ఎగిరి చెట్టునుంచి చెట్టుకు అంటుకుంది. కొమ్మకొమ్మకూ గడ్డలు వేలాడాయి. కొన్ని గడ్డలు కిలోన్నర బరువు దాకా తూగాయి. చెట్టు తిన్న బలమంతా గడ్డలకే పోయింది. పూత తగ్గింది, కాపు తగ్గింది, ఎండలు ముదిరిన ఏడు చెట్లు నిలువునా ఎండిపోయాయి. 1991 మొదలు పదిహేనేళ్ళపాటు కొన్ని చోట్ల ఎంచి చూస్తే చెట్ల సంఖ్య నూటికి 87 నుంచి 98 వంతుల దాకా తగ్గింది. 2001లో గింజలు తినే ముక్కుపురుగును కూడా తెచ్చి వదిలారు.

ఇక పీడ విరగడైందని అనుకోవటానికి లేదు. చెట్లు తగ్గాయి గానీ పాత అప్పు నేలలోనే ఉంది. ఎక్కడ నిప్పు అంటుకుంటే అక్కడ మళ్ళీ లేస్తుంది. లేచిన మొక్కకు తెగులు సోకి పెద్ద చెట్టు కాకముందే క్షీణిస్తుంది. అదొక్కటే ఇప్పుడు ఊరట.

నీరు, కూలి, గుడిసె

చెట్టు పీకమనటం అధికారికి తేలిక. దాన్ని నమ్ముకున్న పేదవాడి సంగతి ఎవరు చూడాలి? కేప్‌లోనూ ఈ ప్రశ్న వచ్చింది. ఆస్ట్రేలియా తుమ్మల కట్టెలు కొట్టి అమ్ముకుని బతికేవారు అక్కడ ఎందరో. 1970లలో, 80లలో వర్ణవివక్ష సర్కారు నగరంలోకి రానివ్వని నల్లజాతి కుటుంబాలు కేప్ ఫ్లాట్స్‌లోని ఈ పొదల చాటునే తలదాచుకున్నాయి. పోర్ట్ జాక్సన్ కొమ్మలు వంచి కట్టి, పైన ప్లాస్టిక్ పట్టాలు కప్పి గుడిసెలు వేసుకున్నాయి. తడిక చెట్టు మళ్ళీ తడికకే పనికివచ్చింది. శాస్త్రజ్ఞుడి పుస్తకంలో కలుపుమొక్క అయినది ఆ తల్లులకు ఇంటి దూలం.

1995లో కొత్త ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. అప్పటి జలవనరుల మంత్రి కాదర్ అస్మల్ భారత సంతతివాడు. పరాయి చెట్లు కొట్టించి నదులకు నీరు మిగల్చాలి, ఆ కూలి పని లేనివాళ్ళకే దక్కాలి అన్నది పథకం. మన ఉపాధి హామీ పథకానికి పదేళ్ళు ముందుది. ఈ చెట్లు నీరు తాగే మాట ఉత్తది కాదు. 2018లో కేప్ టౌన్ కొళాయిలు ఎండిపోయే స్థితికి వచ్చి, మనిషికి రోజుకు 50 లీటర్లని కట్టడి పెట్టారు. నగరానికి నీరిచ్చే కొండవాలుల్లో పైన్, తుమ్మ, నీలగిరి వంటి పరాయి చెట్లన్నీ కలిసి ఏటా సుమారు 5,500 కోట్ల లీటర్లు పీల్చుకుంటున్నాయని నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థ అదే ఏడాది లెక్క వేసింది.

కేప్ ఒక్కటే కాదు. లిబియా, ట్యునీషియా దేశాల్లో కదిలే ఇసుకను ఆపటానికి కూజాంగ్‌నే నాటారు. అక్కడ గొర్రెలకు, మేకలకు మేత కూడా అదే. ఇథియోపియా ఉత్తరాన కరువు కొండల్లో రైతులు గట్ల మీద పెంచుతున్నారు. ఆకులో వగరు ఎక్కువ కాబట్టి ఒట్టిగా అదే వేస్తే జీవాలకు ఒంటబట్టదు, వేరే మేతతో కలిపి వేయాలి. మరోవైపు ఐరోపా దేశాల కూటమి 2019లో దీన్ని పెంచరాదు, అమ్మరాదు అన్న జాబితాలో చేర్చింది. ఇంకా చిత్రం, ఆస్ట్రేలియాలోనే తూర్పు రాష్ట్రాలకు తీసుకుపోయి నాటితే అక్కడా అది కలుపుమొక్కే అయింది. ఒకే దేశంలో ఆ మూల పూలచెట్టు, ఈ మూల పీడ.

మేకలు చెరిచిన మందు

మన సర్కారు తుమ్మకు కూడా ఇలాంటి తెగులో, పురుగో తెస్తే పోలేదా అని అడిగేవారుంటారు. దక్షిణాఫ్రికాలో ఆ ప్రయత్నమూ జరిగింది. సర్కారు తుమ్మ కుటుంబానికి చెందిన చెట్లు అక్కడి ఎండు మైదానాల్లోనూ విపరీతంగా పాకాయి. అయితే కాయలు పశువుల మేత, నీడ కావాలి, కట్టె కావాలి. చెట్టును చంపే పురుగు వద్దని పశువుల యజమానులు పట్టుబట్టారు. దాంతో గింజను మాత్రమే తినే పురుగును ఎంచి, కూజాంగ్ తుప్పును వదిలిన 1987లోనే దాన్నీ వదిలారు. పురుగు బాగానే బతికింది. కానీ అది కాయలోకి చేరేలోపే మేకలు, గొర్రెలు, పశువులు కాయలు తినేశాయి. గింజలు అరగక పేడతో, పెంటికలతో కొత్త చోట్లకు చేరాయి. అనుకున్నంత ఫలితం రాలేదు.

కాయ చెట్టు కింద పడి ఉంటే పురుగు పని చేస్తుంది, జీవాలు ముందు తింటే విత్తనం పని చేస్తుంది. అందుకే కాయ ముదిరే నెలల్లో మందను ఆ చెట్ల కిందికి తోలకుండా, కాయలు ఏరి, గింజ నలిగేలా మరలో ఆడించి దాణాలో కలపటం ఒక మార్గంగా నిపుణులు చెబుతున్నారు. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో ఇలా కాయలు ఏరి పిండి చేసి దాణాగా వాడటం ఉన్నదే. కాయలు ఏరినవారికి కూలి, పశువుకు మేత దొరుకుతాయి, నలిగిన గింజ మొలవదు.